సర్కారు సాయం: పట్టాకా, సాగుకా, పాలకా?

రైతుకు సర్కారు ఇచ్చే సాయం గురించి పాల కేంద్రాల దగ్గర మాట రాని రోజు ఉండదు. ఒకరి ఖాతాలో డబ్బు పడుతుంది, పక్కవారి ఖాతాలో పడదు. ఇద్దరూ ఒకే చెరువు కింద ఒకే పంట వేసినవారే, ఒకే క్యానులో పాలు పోసినవారే. అయినా ఒకరికి వచ్చింది మరొకరికి ఎందుకు రాలేదో చెప్పేవారు తక్కువ. తెలియనిచోట అనుమానం పుడుతుంది. అనుమానం పుట్టినచోట సంఘం బలహీనపడుతుంది. అందుకని ఈ సంచికలో రైతు సాయం లెక్కను మొదటినుంచి చివరిదాకా సభ్యుల ముందు పెడుతున్నాము. మహబూబాబాద్ జిల్లా బయ్యారం మండలాన్ని ఉదాహరణగా తీసుకున్నాము. పట్టా భూమి, కౌలు, పోడు, భూమి లేని పాడి, ఈ నాలుగూ ఒకేచోట కనిపించే ప్రాంతమది.

సాయం వచ్చే మూడు తోవలు

ప్రభుత్వం ఏ పేరుతో సాయం చేసినా అది మూడు తోవల్లో ఏదో ఒకదాని ద్వారా వస్తుంది.

మొదటిది వస్తువు తోవ. రైతు కొనే వస్తువు ధరను తగ్గించి, మిగతా ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరకడం ఈ తోవలోని సాయమే. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలకు పెరిగిన వ్యవసాయ ఉచిత కరెంటు కూడా ఇటువంటిదే. మోటారు వేసేది యజమానా, కౌలుదారా అని కరెంటు అడగదు. కాబట్టి ఈ సాయం చాలావరకు సాగు చేసేవారికే చేరుతుంది. దీనిలో లోపం మరొకటి. సరుకు దొరికినప్పుడే సాయం. 2025 ఆగస్టులో యూరియా కొరత వచ్చినప్పుడు సంఘాల గోదాముల ముందు తెల్లవారుజామునుంచే చెప్పులు వరసలో పెట్టవలసి వచ్చింది. బస్తా దొరకనివారికి సబ్సిడీ కూడా దొరకనట్టే.

రెండవది భూమి తోవ. పేరున ఎంత భూమి ఉంటే అంత డబ్బు. రైతుబంధు, రైతు భరోసా ఈ తోవలోనివి.

మూడవది ఉత్పత్తి తోవ. రైతు ఎంత పండించి అమ్మితే అంతమీద సాయం. 2024 వానాకాలంలో సన్న వడ్లకు మొదలుపెట్టిన క్వింటాలుకు 500 రూపాయల బోనసు, 2014లో విజయ డెయిరీకి పాలు పోసేవారికి మొదలుపెట్టిన లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం ఇటువంటివి.

ఏ సాయం ఏ తోవలో వస్తుందో తెలిస్తే అది ఎవరికి చేరుతుందో, ఎవరిని దాటిపోతుందో తేలికగా అర్థమవుతుంది.

ఎకరాకు ఇంత: రైతుబంధు నుంచి రైతు భరోసా వరకు

తెలంగాణ ప్రభుత్వం 2018 మే 10న రైతుబంధును ప్రారంభించింది. మొదట ఎకరాకు పంటకు 4,000 రూపాయలు, అంటే రెండు పంటలకు 8,000 రూపాయలు. మొదటి విడత చెక్కుల రూపంలో ఊరూరా పంచారు. తరువాత నేరుగా బ్యాంకు ఖాతాలో వేయసాగారు. 2019-20 నుంచి పంటకు 5,000 రూపాయలు చేశారు. 2023 చివరలో ప్రభుత్వం మారింది. 2025 జనవరి 26న రైతు భరోసా అనే పేరుతో ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయల పథకం మొదలైంది. ఆ లెక్కన గుంటకు పంటకు 150 రూపాయలు పడుతుంది. రాళ్లు, గుట్టలు, ఇండ్ల ప్లాట్లు, రోడ్లు, గనులు, పరిశ్రమలు ఉన్న భూములను లెక్కలోంచి తీసివేస్తామని ఈసారి చెప్పారు. మునుపు అటువంటి భూములకు కూడా డబ్బు పోయిందన్న విమర్శ గట్టిగానే వచ్చింది.

దీనితోపాటు కేంద్ర ప్రభుత్వం పీఎం కిసాన్ పథకాన్ని 2018 డిసెంబరు 1 నుంచి వర్తించేలా 2019 ఫిబ్రవరిలో ప్రారంభించింది. ఇది ఎకరాల లెక్క కాదు, కుటుంబం లెక్క. భూమి ఉన్న కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా వస్తాయి. మొదట 5 ఎకరాల లోపు వారికే అన్నారు. 2019లోనే ఆ పరిమితి ఎత్తివేశారు. ఆదాయపు పన్ను కట్టేవారికి, మరికొన్ని వర్గాలవారికి ఇది వర్తించదు.

ఎకరాల లెక్కకు, కుటుంబం లెక్కకు తేడా ఎంతో చూడండి. ఎకరంన్నర పట్టా ఉన్నవారికి రైతు భరోసా కింద ఏడాదికి 18,000 రూపాయలు. 20 ఎకరాలున్నవారికి 2,40,000 రూపాయలు. పీఎం కిసాన్‌లో అర్హులైతే ఇద్దరికీ 6,000 రూపాయలే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అనగా రెండున్నర ఎకరాలు. పది కమతాల్లో దాదాపు తొమ్మిది ఐదెకరాల లోపువే. చిన్న కమతాలవారు సంఖ్యలో ఎక్కువ కాబట్టి ఎక్కువమందికి డబ్బు అందిన మాట నిజమే. విత్తనాల నాడు షావుకారు గడప తొక్కకుండా ఆ డబ్బు ఎన్నో కుటుంబాలను కాపాడిన మాట కూడా నిజమే. ఆ మేలును మేము తక్కువ చేయడం లేదు. కాని పెద్ద కమతానికి పెద్ద మొత్తం పోతుందన్నది కూడా అంతే నిజం.

కౌలుదారు ఎక్కడ జారిపోయాడు?

రైతుబంధు, రైతుబీమా రెండూ పట్టాదారు పాస్ పుస్తకం మీద నడిచినవి. 2017 సెప్టెంబరులో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో తేలిన పేర్లకే 2018లో చెక్కులు వచ్చాయి. కౌలు అనే మాట ఆ పుస్తకంలో లేదు. రైతు స్వరాజ్య వేదిక 2022లో జరిపిన సర్వేలో మూడోవంతుకు పైగా రైతులు ఎంతో కొంత భూమి కౌలుకు చేస్తున్నట్టు తేలింది. ఇది చిన్న సంఖ్య కాదు.

ఒక లెక్క వేసుకుందాము. ఒక సభ్యునికి సొంత పట్టా ఎకరంన్నర, కౌలు భూమి మూడెకరాలు, ఇంటి దగ్గర రెండు బర్రెలు ఉన్నాయనుకోండి. రైతు భరోసా లెక్కన సొంత భూమికి 18,000 రూపాయలు ఆయనకు వస్తాయి. కౌలు భూమి మీది 36,000 రూపాయలు భూమి యజమానికి పోతాయి. ఎరువు, కూలీ, పురుగుమందు ఖర్చు మాత్రం నాలుగున్నర ఎకరాలకూ ఈయనదే. పైగా యజమానికి కౌలు కట్టాలి. వాన తప్పి పంట పోతే నష్టం కూడా ఈయనదే. సాగు ఒకరిది, సాయం ఇంకొకరిది అయిందన్నమాట.

యజమానులంతా చెడ్డవారు కాబట్టి ఇలా జరిగిందని అనుకోవడం పొరపాటు. దీని వెనుక పాత భయమొకటి ఉన్నది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం కింద రక్షిత కౌలుదారులుగా నమోదైనవారికి తరువాత 38-ఇ సర్టిఫికెట్లతో ఆ భూములమీద హక్కు వచ్చింది. దున్నేవారికి భూమి దక్కడం మంచిదే. కాని ఆనాటినుంచి కౌలుదారు పేరు కాగితం మీద ఎక్కితే భూమి చేజారుతుందన్న భయం యజమానుల్లో పాతుకుపోయింది. అందుకే కౌలు అంతా నోటి మాట మీదనే నడుస్తున్నది. యజమానికి భయం తీరేలా, కౌలుదారుకు కాగితం దొరికేలా 2011లో ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చారు. ఆ కార్డు ఏడాదికే చెల్లుతుంది, దానితో భూమి మీద హక్కు రాదు, పంట రుణానికి, పంట నష్టపరిహారానికి మాత్రం పనికివస్తుంది. చట్టం మంచిదే గాని దాని అమలు ఊపందుకోలేదు. రైతుబంధు వచ్చాక యజమానులు మరింత వెనుకాడారు.

ఇతర చోట్ల ఏమి చేశారు? ఒడిశాలో 2018 చివరలో ప్రకటించిన కాలియా పథకంలో పాలికి చేసేవారిని, భూమి లేని కుటుంబాలను కూడా చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన రైతు భరోసాలో వెనుకబడిన, షెడ్యూల్డు, మైనారిటీ వర్గాల కౌలుదారులకు చోటు ఇచ్చారు. అక్కడ 2019లోనే పంట సాగుదారుల హక్కుల చట్టం చేసి కార్డులు ఇచ్చారు. అమెరికాలో పంటల వారీ సాయాన్ని కౌలు తీరును బట్టి పంచుతారు. రొక్కం కౌలైతే సాయం సాగుదారుకే. పంటలో పాలు పంచుకునే కౌలైతే ఇద్దరూ తమ తమ వంతున పంచుకుంటారు. ఒక్కొక్కరికి ఏడాదికి ఇంతకు మించకూడదన్న పరిమితి ఉన్నది. ఏ కౌంటీలో ఎవరికి ఎంత ముట్టిందో లెక్క తీసి ప్రచురించే సంస్థలు కూడా ఉన్నాయి. అయినా అక్కడ కూడా పెద్ద కమతాలవారికే పెద్ద వాటా పోతుందన్న విమర్శ ఆగలేదు. సాయం వస్తుందని తెలిసి యజమానులు కౌలు పెంచుతున్నారన్న ఫిర్యాదు కూడా ఉన్నది. చట్టంలో కౌలుదారు పేరు ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదని, కౌలు రేటు మీద కూడా కన్నుండాలని దీనినుంచి మనం నేర్చుకోవాలి.

బయ్యారం ప్రత్యేకత

బయ్యారం మండలం 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజనలో మహబూబాబాద్‌లో చేరింది. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన పెద్ద చెరువు ఈ ఊరికి పేరు తెచ్చింది. ఆమె వేయించిన శాసనం కాకతీయుల వంశావళి తెలుసుకోవడానికి చరిత్రకారులకు ఎంతో ఉపయోగపడింది. ఒకనాటి ప్రభుత్వ సాయం అంటే ఆ చెరువే. దాని నీరు తూము దిగితే ఆయకట్టులో ఎవరు మడక పట్టారో వారి మడికే చేరుతుంది.

ఇక్కడి కోయ గూడేలలో, లంబాడా తండాలలో భూమి సంగతి మైదాన గ్రామాల వంటిది కాదు. ఏజెన్సీ ప్రాంతానికి 1970 నాటి ఒకటవ నిబంధన, అనగా జనం నోట 1/70 చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, కౌలుకు ఇవ్వడం కూడా చెల్లదు. గిరిజనుల భూమి చేజారకుండా కాపాడేందుకు చేసిన చట్టమది. కాబట్టి అటువంటి భూమి మీద సాగుదారు కార్డు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు. ఆ తోవలో సంఘాలు పోకూడదు.

పోడు భూములకు తోవ వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు పత్రం ఉన్నవారు సొంత సాగుదారులే. 2023 జూన్ 30 నుంచి రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు భూమికి పత్రాలు ఇచ్చి, ఆ భూములను కూడా రైతుబంధులో చేర్చారు. రైతు భరోసాలో కూడా వీరికి చోటున్నది. పీఎం కిసాన్‌కు కూడా ఈ పత్రం పనికివస్తుంది. పత్రం చేతిలో ఉన్నా బ్యాంకు ఖాతా, ఆధార్ కలవక సాయం ఆగిపోయిన సభ్యులుంటే వెంటనే వ్యవసాయ విస్తరణాధికారిని కలవాలి.

పాల తోవలో వచ్చే సాయం

ఇప్పుడు మన సొంత ఇంటి సంగతికి వద్దాము. పాడికి ప్రభుత్వ సాయం కొత్త కాదు. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకులకూ వచ్చింది. అందులో చిన్న రైతులకు 25 శాతం, సన్నకారు రైతులకు, కూలీలకు మూడోవంతు, గిరిజనులకు 50 శాతం సబ్సిడీతో బర్రెలు ఇప్పించారు. ఎన్నో ఇండ్లకు పాడి వచ్చింది. కాని మేత లేనిచోట, పశువైద్యుడు రానిచోట, పాలు కొనే కేంద్రం లేనిచోట బర్రె అప్పుగానే మిగిలింది. ఒకే పశువును చేతులు మార్చి కాగితాలమీద పదిసార్లు కొన్న సంగతులు కూడా ఆ రోజుల్లో బయటపడ్డాయి. 2018లో తెలంగాణ ప్రభుత్వం పాల సంఘాల సభ్యులకు పాడి పశువుల పథకం తెచ్చింది. సాధారణ వర్గాలకు 50 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 75 శాతం సబ్సిడీ. ఇందులో అర్హతకు పట్టా కాదు, సంఘంలో సభ్యత్వం ముఖ్యం. పాత పథకం నేర్పిన పాఠమిది.

లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం 2017లో ముల్కనూరు, కరీంనగర్ డెయిరీలకు, నల్గొండ రంగారెడ్డి సంఘపు మదర్ డెయిరీకి పోసేవారికి కూడా విస్తరించారు. రోజుకు 5 లీటర్లు, ఏడాదిలో 300 రోజులు పోసిన కుటుంబానికి ఆ లెక్కన 1,500 లీటర్లకు 6,000 రూపాయలు అవుతుంది. పీఎం కిసాన్ ఇచ్చేది కూడా సరిగ్గా అంతే. కాని దీనికి గుంట భూమి కూడా అక్కరలేదు. కౌలుదారు, కూలీ, ఒంటరి మహిళ ఎవరు పోస్తే వారికే. ప్రోత్సాహకం విడుదల ఆలస్యమైన సందర్భాలు ఉన్న మాట నిజమే. అయినా ఎవరికి ఎంత రావాలో ప్రతి పూట పాలు పోసిన పుస్తకంలో రాసి ఉంటుంది. దానిని ఎవరూ కాదనలేరు.

సహకార సంఘపు సూత్రం కూడా ఇదే. సంఘంలో ఎన్ని ఎకరాలున్నా ఒక సభ్యునికి ఒకటే ఓటు. లాభం పంచేటప్పుడు వాటా ధనాన్ని చూడము, ఎంత పాలు పోశారో, వెన్న ఎంత ఉన్నదో చూస్తాము. చేసినవారికి చేసినంత అన్న ఈ న్యాయం పంట సాయంలో కూడా రావాలని కోరే హక్కు పాల సంఘాలకు ఉన్నది.

సభ్యులు, సంఘాలు చేయవలసిన పనులు

మొదటిది. పాడికి కిసాన్ క్రెడిట్ కార్డు 2019 నుంచి దొరుకుతున్నది. దాణా, మందులు, మేత ఖర్చుకు ఇది ఉపయోగం. దీనికి పట్టా ఉండి తీరాలన్న నియమం లేదు. సంఘానికి పాలు పోస్తున్నట్టు కార్యదర్శి ఇచ్చే పత్రం బ్యాంకులో బలమైన ఆధారం. వ్యవసాయానికి, అనుబంధ రంగాలకు పూచీకత్తు లేని రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. గడువులో కట్టినవారికి వడ్డీ రాయితీ ఉంటుంది. కౌలుదారులు, భూమి లేనివారు ముందుగా ఈ తలుపు తట్టాలి.

రెండవది. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏండ్ల మధ్య ఉన్న పట్టాదారు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చేలా రూపొందించిన పథకం. నామినీ పేరు తప్పుగా ఉంటే ఆపద సమయంలో ఇంటివారు ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది. పట్టా ఉన్న ప్రతి సభ్యుడు ఈ పేరు ఒకసారి సరిచూసుకోవాలి.

మూడవది. తండ్రి పోయి ఏండ్లు గడిచినా పట్టా ఆయన పేరునే ఉన్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ధరణి స్థానంలో భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి వచ్చింది. వారసత్వ మార్పుకు, తప్పుల సవరణకు, అప్పీలుకు ఇందులో తోవ ఉన్నది. అన్నదమ్ములు ముందు తమలో తాము మాట్లాడుకుని, తరువాత తహశీల్దారుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పీఎం కిసాన్ ఆగినవారు ఈ-కేవైసీ పూర్తి అయిందో లేదో చూసుకోవాలి.

నాల్గవది. భూమి లేని కూలీ కుటుంబాలకు 2025 జనవరి 26న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైంది. ఉపాధి హామీలో ఏడాదికి కనీసం 20 రోజుల పని చేసిన కుటుంబానికి ఏడాదికి 12,000 రూపాయలు దాని ఉద్దేశం. సొంత భూమి లేని మన సభ్యులు గ్రామ పంచాయతీలో తమ పేరు విచారించుకోవాలి. పని చేసిన రోజులు కార్డులో సరిగా ఎక్కాయో లేదో కూడా చూసుకోవాలి.

ఐదవది. పాలు పితికేది, మేత కోసేది చాలా ఇండ్లలో ఆడవారే. సభ్యత్వం, ఖాతా కూడా వారి పేరున ఉండడం న్యాయం. పట్టా మగవారి పేరున ఉన్నా పాల పుస్తకమైనా ఆమె పేరున ఉంటే ఇంటికి రెండు కాళ్ల బలం వస్తుంది.

చివరగా ఒక మనవి. మన సంఘాలలో భూమి కౌలుకిచ్చినవారు ఉన్నారు, కౌలుకు తీసుకున్నవారూ ఉన్నారు. ఇద్దరూ మనవారే. కౌలు మాట్లాడుకునే ఉగాది రోజుల్లో ఎకరాకు వచ్చే సాయాన్ని కూడా మాటలోకి తెచ్చుకోవాలని కోరుతున్నాము. ఆ డబ్బులో కొంతైనా కౌలులో తగ్గించుకుంటే భూమి ఇచ్చినవారికి నష్టం లేదు. తీసుకున్నవారికి ఒక బస్తా యూరియా, ఒక బస్తా తవుడు అప్పు లేకుండా వస్తుంది. చట్టం ఎప్పుడు మారుతుందోనని ఎదురు చూడకుండా ఊళ్లో మనం చేసుకోగలిగిన న్యాయమిది.

ప్రతి సంఘం రాబోయే సర్వసభ్య సమావేశంలో ఒక జాబితా తయారు చేయాలి. సభ్యులలో పట్టా ఉన్నవారెవరు, పోడు పత్రం ఉన్నవారెవరు, కౌలు చేసేవారెవరు, భూమి లేనివారెవరు, ఎవరికి ఏ సాయం అందుతున్నది, ఎవరికి ఎక్కడ ఆగింది అని అందరి ముందు చదివి రాయాలి. కౌలు వివరం చెప్పడం ఇష్టం లేనివారిని బలవంతపెట్టవద్దు. సాగు చేసేవారికే సాయం అందాలని తీర్మానం చేసి మండల వ్యవసాయాధికారికి, తహశీల్దారుకు ఒక్కొక్క ప్రతి ఇచ్చి, ఒకటి మాకు పంపండి. ఒక్క రైతు అడిగితే అది విన్నపం. రోజూ రెండు పూటలా పాలు పోసే సంఘాలన్నీ లెక్కతో సహా అడిగితే, దానికి జవాబు చెప్పక తప్పదు.